తెల్లవారుజామున మూడున్నర: రోజువారీ టెన్షన్, మద్యం గురించి ఒక కేస్ స్టడీ

"టెన్షన్ వల్లే తాగుతున్నాను మేడమ్. మీరు టెన్షన్ తగ్గించండి, తాగుడు దానంతటదే తగ్గుతుంది."

మొదటి రోజు కుర్చీలో కూర్చోగానే ఆయన అన్న మాట ఇది. నేను నమ్మాను. అలా నమ్మినందుకు మూడు వారాలు పోయాయి. తాగుడుకీ టెన్షన్‌కీ సంబంధం లేదని కాదు, ఉంది. అయితే అది ఆయన చెప్పినట్టు లేదు, నేను ఊహించినట్టూ లేదు. ఆ తేడా ఎలా బయటపడిందో రాయడానికే ఈ కేసు ఎంచుకున్నాను. ఆయనా, ఆయన భార్యా ఒప్పుకున్నాకే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ మార్చాను.

ఆయన వయసు 43. సరుకు రవాణా సంస్థలో ఏ బండి ఎప్పుడు బయల్దేరాలి, ఏ డ్రైవరు ఏ షిఫ్టులో ఉండాలి అన్నది చూసుకునే ఉద్యోగం. పెళ్లయి పదహారేళ్లు, ఇద్దరు పిల్లలు. నా దగ్గరికి తనంతట తాను రాలేదు. బీపీకి రెండు రకాల మాత్రలు వాడుతున్నా 150/96 నుంచి దిగడం లేదని, రక్తపరీక్షలో జీజీటీ 118 వచ్చిందని ఫిజీషియన్ పంపారు. లివర్ మీద మద్యం భారం పడుతోందేమోనని అనుమానించడానికి డాక్టర్లు చూసే గుర్తుల్లో జీజీటీ ఒకటి. అదొక్కటే చాలదు, కానీ ఆయన విషయంలో ఎర్రకణాల సైజు కూడా కాస్త పెరిగి ఉంది.

ఆయనకు మాత్రం బాధ బీపీ కాదు, నిద్ర. "పడుకోగానే పట్టేస్తుంది. మూడున్నరకి ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వస్తుంది. గుండె దడదడలాడుతుంది. ఆఫీసు సంగతులన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. ఇక తెల్లారేదాకా అంతే." ఈ మూడున్నర అన్న మాటను నేను నోట్సులో రాసుకున్నాను గానీ పట్టించుకోలేదు. ఆందోళన ఉన్నవాళ్లు చాలామంది చెప్పేదే కదా అనుకున్నాను.

తాగుడు చరిత్రలో వింతేమీ లేదు. ఇరవై రెండేళ్ల వయసులో స్నేహితులతో మొదలు, పదేళ్లపాటు ఎప్పుడైనా పార్టీల్లో మాత్రమే. ఈ ఉద్యోగంలో చేరాక వారానికి రెండు రోజులైంది. గత మూడేళ్లుగా ఆరు రోజులు. "ఎంత?" అంటే "రెండు పెగ్గులు, అరవై అరవై" అన్నారు. ఉదయంపూట ఎప్పుడూ తాగలేదు. తాగి బండి నడపనని గట్టిగా చెప్పారు, భార్య కూడా అదే చెప్పింది. తండ్రి తాగేవారు కాదు, కానీ ఒక మేనమామ లివర్ పాడై చనిపోయారు.

జీవితంలో ఈమధ్య పెద్ద దెబ్బలేమైనా తగిలాయా అని అడిగాను. లేవు. 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు తయారుచేసిన జాబితా ఒకటుంది. భర్త లేదా భార్య మరణానికి 100 మార్కులు, అక్కణ్ణించి కిందికి విడాకులు, జైలు, ఉద్యోగం పోవడం, ఇలా 43 సంఘటనలు. ఆ జాబితా ముందు పెడితే ఆయనకు వచ్చే మార్కులు పెద్దగా లెక్కలోకి రావు. ఆయనకు ఆ సంగతి తెలుసు, బాధ కూడా అదే. "నాకేం పెద్ద కష్టాలు లేవు మేడమ్. అందుకే ఎవరికీ చెప్పుకోవడానికి మొహం చెల్లదు. ఏమని చెప్పను? కుళాయి కారుతోందనా?"

ఈ ఒక్క వాక్యం మీద తర్వాత చాలా పని జరిగింది. 1981లో కానర్, లాజరస్, మరికొందరు కలిసి చేసిన పరిశోధన దీని గురించే. మనసుకు కలిగే ఇబ్బందులను అంచనా వేయడంలో జీవితాన్ని తలకిందులు చేసే సంఘటనలకంటే రోజూ గీరుకునే చిన్న చిన్న చికాకులే బాగా పనికొచ్చాయని వాళ్లు చూపించారు. పెద్ద కష్టం వస్తే నలుగురూ వచ్చి పలకరిస్తారు. చిన్నవాటికి ఎవరూ రారు, రావాలని మనమూ అనుకోం. మనిషి ఒంటరిగా మిగిలిపోయేది అక్కడే.

మీ గ్లాసు తీసుకురండి

రెండోసారి వచ్చేటప్పుడు ఇంట్లో వాడే గ్లాసు తెమ్మన్నాను. నీళ్ల సీసా చేతికిచ్చి, రాత్రి ఎంత పోసుకుంటారో అంత పోయమన్నాను. పోశారు. కొలపాత్రలోకి వంచితే 85 మిల్లీలీటర్లు. "ఇప్పుడు రెండోది" అన్నాను. అది 95. ఆయన దృష్టిలో మాత్రం రెండూ అరవయ్యే. అబద్ధం చెప్పారని కాదు, ఏళ్ల తరబడి పోసి పోసి చెయ్యి అలా అలవాటు పడిపోయింది. ఆయన ఆ కొలపాత్ర వైపు చాలాసేపు చూశారు. ఉపన్యాసం ఇచ్చి ఉంటే అంత నిశ్శబ్దం వచ్చేది కాదు.

లెక్క ఇలా మారింది. 40 శాతం ఆల్కహాల్ ఉన్న విస్కీ 120 మి.లీ. అంటే దాదాపు 38 గ్రాముల ఆల్కహాల్. 180 మి.లీ. అంటే 57 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పత్రంలో ఆయనకు మొదటిరోజు వచ్చింది 17. అసలు కొలత తెలిశాక రెండు జవాబులు మారాయి, స్కోరు 20కి చేరింది. 40కి ఇరవైగానీ అంతకంటే ఎక్కువగానీ వస్తే వ్యసనం ఉందేమో నిపుణులు పరీక్షించాలన్నది ఆ పత్రం నిబంధన. గ్లాసు కొలవకపోతే ఆ గీతకు ఇవతలే ఉండిపోయేవారు. మిగతా స్కోర్లు చెప్పాలంటే, ఒత్తిడిని ఎంతగా అనుభవిస్తున్నారో కొలిచే పీఎస్ఎస్‌లో 40కి 24, డిప్రెషన్ పత్రంలో 27కి 8.

సైకియాట్రిస్ట్, నేను రోగనిర్ధారణ గురించి కొంచెం వాదించుకున్నాం. హాని కలిగించే స్థాయిలో తాగుడు అని రాస్తే చాలన్నాను నేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 ప్రకారం మూడు లక్షణాల్లో రెండుంటే మద్యం మీద ఆధారపడటం కిందికే వస్తుందని సైకియాట్రిస్ట్ గుర్తుచేశారు. అదుపు తప్పడం, మిగతా పనులకంటే తాగుడుకే ప్రాధాన్యం పెరగడం, శరీరం అలవాటుపడటం అన్నవి ఆ మూడు. రెండు గ్లాసులకు ఇదివరకటి నిషా రావడం లేదని ఆయనే చెప్పారు. "ఇవాళ ఒక్కటే" అనుకున్న రోజున రెండు తాగడం మామూలైపోయింది. సైకియాట్రిస్ట్ మాటే సరైనది.

నా పొరపాటు

ఇక్కడ నేను చేసింది రాయాలి. టెన్షన్ ఉంది, దాన్ని తగ్గించుకోవడానికి తాగుతున్నారు, కాబట్టి టెన్షన్‌కి వేరే దారి చూపించాలి అనుకున్నాను. ఈ ఆలోచన నాది మాత్రమే కాదు. 1956లో కాంగర్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించిన సిద్ధాంతం సారాంశం అదే: మద్యం టెన్షన్ తగ్గిస్తుంది, ఆ ఉపశమనమే మళ్లీ తాగిస్తుంది. నెమ్మదిగా శ్వాస తీసుకోవడం, కండరాలను బిగించి వదలడం నేర్పించాను. మూడు వారాల తర్వాత అడిగితే ఎంతో సంతోషంగా చెప్పారు: "శ్వాస వ్యాయామం అద్భుతంగా ఉంది మేడమ్. రెండు గ్లాసులయ్యాక పడుకుని చేస్తున్నాను, హాయిగా నిద్రపడుతోంది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొలత ఒక్క మిల్లీలీటరు తగ్గలేదు.

అప్పుడు చేయాల్సింది, నిజానికి మొదటి వారమే చేయాల్సింది, డైరీ. ఇరవై ఎనిమిది రోజులు. ఉదయం లేవగానే నిద్ర ఎన్ని గంటలు పట్టిందో, 11 గంటలకు, సాయంత్రం ఆరున్నరకు టెన్షన్ పదికి ఎంతో, రాత్రి ఎన్ని మిల్లీలీటర్లో. పక్కన ఒక ఖాళీ గడి: ఆ సమయానికి బుర్రలో ఏం తిరుగుతోందో ఒక్క ముక్కలో రాయాలి. తాగుడు ఆపమనిగానీ తగ్గించమనిగానీ చెప్పలేదు. కొలిచి పోసుకోమన్నానంతే. మూడు రోజులు వదిలేశారు, 25 రోజులు రాశారు. బండ్ల రాకపోకలు రాసే చెయ్యి కాబట్టి అంకెలు శుభ్రంగా ఉన్నాయి.

డైరీ చెప్పింది

ఆయన కథ నిజమైతే, టెన్షన్ ఎనిమిదో తొమ్మిదో ఉన్న రోజు ఎక్కువ తాగాలి, రెండో మూడో ఉన్న రోజు తక్కువ తాగాలి. కాగితాలు బల్లమీద పరిచి, ఇద్దరం పెన్సిలు పట్టుకుని చూశాం.

టెన్షన్ ఏడు దాటిన రోజులు ఐదు. అందులో ఒకరోజు దారిలో బండి ఆగిపోయి రాత్రి తొమ్మిదిన్నర దాకా ఫోన్లమీదే ఉన్నారు. ఆ రాత్రి తాగింది 60. మిగతా నాలుగు రోజుల్లో కూడా 120 దాటలేదు. ఇది చూసి ఆయన నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయారు. "ఆ రోజు చాలా కష్టపడ్డాను కదా, బాగా తాగి ఉంటాననుకున్నా."

180కి పైన తాగిన రోజులు తొమ్మిది. వాటిలో మూడు సెలవుకి ముందు రాత్రులు. టెన్షన్ రెండు, మూడు. ఒకరోజు 240. అంటే ఆ రాత్రుల్లో ఒత్తిడి కారణం కాదు, సరదా, అలవాటు. మనుషులు తాగే కారణాలను 1994లో కూపర్ అనే పరిశోధకురాలు నాలుగుగా విడదీశారు: కలిసి ఉండటానికి, హుషారుకి, బాధను తట్టుకోవడానికి, పక్కవాళ్లు తాగుతున్నారని. ఒకే మనిషిలో ఇవన్నీ ఉండవచ్చు, రోజును బట్టి మారవచ్చు. బయటివాళ్లకు చెప్పుకునేటప్పుడు మాత్రం మూడోదే ముందుకొస్తుంది. సరదాగా తాగుతున్నానంటే ఎవరూ జాలిపడరు.

మిగిలిన ఆరు రోజులు అసలు సంగతి చెప్పాయి. సాయంత్రం టెన్షన్ నాలుగు నుంచి ఆరు మధ్యలో ఉంది. ఖాళీ గడిలో రాసినవి ఇలా ఉన్నాయి: "మేనేజరు మెసేజ్ చదివారు, జవాబు లేదు." "బడి ఫారం సంతకం, మళ్లీ మర్చిపోయా." "అమ్మ ఫోన్ ఎత్తలేదు." "రేపటి షిఫ్టుకి ఒక డ్రైవరు తక్కువ, ఎవరో తెలీదు." పెద్ద గొడవ ఒక్కటీ లేదు. అన్నీ సగంలో ఆగినవే. బండి ఆగిపోయిన రోజున చేయాల్సింది కళ్లముందుంది, చేశారు, అలిసి పడుకున్నారు. ఇవి మాత్రం పరిష్కారం కావు, వదలవు, ఇంటికొచ్చి తలుపు దగ్గర కూర్చుంటాయి.

ఇంకొకటి ఉంది. ఆ ఆరింటిలో ఐదు రోజులకు ముందు రాత్రి నిద్ర ఐదు గంటలకంటే తక్కువ. ఆ తక్కువ నిద్రకు ముందు రాత్రి తాగుడు 150కి పైన. పెన్సిలుతో బాణం గుర్తులు గీస్తూపోతే, టెన్షన్ నుంచి తాగుడుకి వెళ్లే బాణాలకంటే, తాగుడు నుంచి మర్నాటి టెన్షన్‌కి వెళ్లేవే ఎక్కువగా కనిపించాయి. ఉదయం 11 గంటల అంకె చూడండి: తాగని మర్నాడు మూడు, నాలుగు. 180 తాగిన మర్నాడు ఆరు. అదే ఆఫీసు, అదే కుర్చీ, అవే బండ్లు.

అప్పుడు మూడున్నర గుర్తొచ్చింది. నోట్సు వెనక్కి తిప్పి లెక్కవేశాను. సగటు మనిషి శరీరం గంటకు సుమారు 7 నుంచి 8 గ్రాముల ఆల్కహాల్‌ను ఖాళీ చేస్తుంది. మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ. ఆయన మొదటి గ్లాసు ఎత్తేది ఎనిమిదికి. 57 గ్రాములు ఖాళీ కావడానికి ఏడున్నర గంటలు. ఎనిమిదికి ఏడున్నర కలిపితే మూడున్నర.

ఆయనకు చెప్పింది దాదాపు ఇవే మాటల్లో. మెదడులో గాబా అనేది బ్రేకు, గ్లుటమేట్ అనేది యాక్సిలరేటర్. మద్యం బ్రేకు నొక్కుతుంది, యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తుంది. అందుకే మొదటి గ్లాసుకి భుజాలు దిగుతాయి. రోజూ ఇదే జరుగుతుంటే మెదడు ఊరుకోదు. బ్రేకు పట్టు తగ్గించుకుని, యాక్సిలరేటర్ బిగించుకుని సమానం చేసుకుంటుంది. రాత్రి మద్యం దిగిపోతుంది, ఈ సర్దుబాటు మాత్రం అలాగే ఉంటుంది. మెలకువ, దడ, చెమట అందుకే. తాగి పడుకుంటే నిద్ర త్వరగా పడుతుంది, రాత్రి మొదటి సగంలో కలలొచ్చే నిద్ర అణిగిపోతుంది, రెండో సగంలో నిద్ర ముక్కలవుతుంది. మద్యం శరీరంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనును కూడా పెంచుతుంది. ఆ దడ మొదలైన క్షణంలో బుర్ర కారణం వెతుక్కుంటుంది. దగ్గర్లో దొరికేది ఆఫీసు.

"అయితే ఆ టెన్షన్ ఆఫీసుది కాదా?" అన్నారు. కొంత ఆఫీసుదే, కొంత గ్లాసుది, రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి మీరు విడదీయలేకపోయారు అన్నాను. ఆయన లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చి, మళ్లీ మొదటి కాగితం నుంచి చూడటం మొదలుపెట్టారు.

ఆవిడ చెప్పింది

ఐదో సెషన్‌కి భార్యను తీసుకురమ్మన్నాను. ఆవిడ రెండేళ్లుగా సీసా మీద పెన్నుతో గీత గీసి, ఎంత తగ్గిందో చూస్తోంది. ఈయన ఆ గీత దాకా నీళ్లు కలిపేవారు. ఈ విషయం నా ముందే బయటపడింది, ఇద్దరూ కాసేపు మాట్లాడుకోలేదు. తర్వాత ఆవిడ ఒక మాట అంది. అది ఏ పత్రంలోనూ రాని సంగతి: "తాగాక ఈయనతో ఇబ్బంది లేదండీ. తాగేముందు గంట, అదే నాకు భయం. పిల్లలు పెన్సిలు కింద పడేసినా అరుస్తారు."

ఆ గంట ఆయనకు ఆఫీసు టెన్షన్‌లాగే అనిపిస్తుంది. డైరీలో ఆ సమయానికి రాసింది చూస్తే, నాలుగు గంటలకే "సాయంత్రం వేసుకోవాలి" అన్న ఆలోచన మొదలవుతోంది. ఎదురుచూపు, ఆకలి, ముందురాత్రి నిద్రలేమి, రోజూ ఆ వేళకు అందే మద్యం కోసం శరీరం అడగడం, ఇవన్నీ కలిసి చికాకుగా బయటికొస్తున్నాయి. మొదటి గ్లాసు ఆ చికాకును నిజంగానే తీసేస్తుంది. తను తెచ్చిపెట్టిన అప్పును తనే కొంచెం తీర్చినట్టు.

ఇంకొక సంగతి కూడా ఆవిడ వల్లే తెలిసింది. బంధువులెవరో ఇచ్చిన నిద్రమాత్రలు అప్పుడప్పుడూ వేసుకుంటున్నారు. పేరు చూస్తే బెంజోడయాజెపీన్ రకం. మద్యంతో కలిసి అది ఊపిరినే మందగింపజేయవచ్చు. తాగుడు గురించి అడిగేవాళ్లమంతా మాత్రల గురించి విడిగా, పేరుపెట్టి అడగాలి. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా" అంటే బీపీ మాత్రలే చెబుతారు. నేను అలా అడిగే దెబ్బతిన్నాను.

చేసిన పని

ముందు భద్రత. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే కొందరికి 6 నుంచి 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతిభ్రమణ దశ రావచ్చు, అది ప్రాణాపాయం. "ఇవాల్టి నుంచి మానేస్తా" అన్న ఆవేశాన్ని మెచ్చుకునేముందు ఇది చూసుకోవాలి. ఆయనకు ఇంతకుముందు రెండు రోజులు ఆపినప్పుడు చెమట, నిద్రలేమి తప్ప ఇంకేమీ రాలేదు. ఫిట్స్ చరిత్ర లేదు. సైకియాట్రిస్ట్ పరీక్షించి, నిద్రమాత్రలు ఆపించి, థయామిన్ (విటమిన్ బి1) రాసి, పది రోజుల్లో తగ్గించుకుంటూ ఆపే పద్ధతి ఇచ్చారు. కొలపాత్ర ఇప్పుడు అసలు పనికి వచ్చింది.

ఎప్పటికీ మానేస్తానని ఆయన ఒప్పుకోలేదు, నేను బలవంతం చేయలేదు. పన్నెండు వారాలు పూర్తిగా ఆపి చూద్దాం, తర్వాత అంకెలు చూసి మాట్లాడుకుందాం అన్నదగ్గర కుదిరింది. సైకియాట్రిస్ట్ అంతకంటే గట్టిగా ఉండాలన్నారు.

మా పని అంతా సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు ఉన్న రెండు గంటల మీదే. రోజంతా టెన్షన్ లేకుండా చేయడం ఎవరి తరమూ కాదు. బండ్లు ఆలస్యమవుతూనే ఉంటాయి.

ఆఫీసు నుంచి బయల్దేరేముందు పది నిమిషాలు బండిలో కూర్చుని, సగంలో ఉన్నవన్నీ రాయాలి. రాసి ఊరుకోవడం కాదు, ప్రతిదాని పక్కన మర్నాడు ఎన్ని గంటలకు ఏం చేయాలో రాయాలి. "మేనేజరు జవాబు: రేపు 10కి ఎదురుగా వెళ్లి అడగాలి." పూర్తికాని పని బుర్రలో తిరుగుతూ ఉంటుందని, దానికి కచ్చితమైన పథకం వేస్తే, పని పూర్తికాకపోయినా ఆ తిరుగుడు తగ్గుతుందని 2011లో మసికాంపో, బామైస్టర్ ప్రయోగాలు చూపించాయి. ఇంత చిన్న పని పనిచేస్తుందా అని ఆయనకు అనుమానం. నాకూ కొంత. కానీ ఆయన సమస్యలో సగం ఈ సగం పనులే కాబట్టి ప్రయత్నించాం. రెండో వారానికి అది ఆయనకు నచ్చింది, మూడో వారానికి లేకపోతే తోచలేదు.

ఇంటికొచ్చిన వెంటనే తినాలి, ఎనిమిదిన్నర దాకా ఆగకూడదు. ఇంట్లో సీసా ఉండకూడదు. ఆవిడ గీతలు గీయడం మానేయాలి, ఆ పరీక్ష నడుస్తున్నంతకాలం ఇద్దరూ దొంగాపోలీసు ఆటలోనే ఉంటారు. ఆఫీసు మెసేజ్‌లకు రాత్రి ఎనిమిది తర్వాత జవాబు లేదు. దీనికి ఆయన మేనేజరుతో మాట్లాడాల్సి వచ్చింది. రెండు వారాలు భయపడ్డారు. మాట్లాడితే ఆ సంభాషణ నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

తాగాలన్న కోరిక వచ్చినప్పుడు దానితో కుస్తీ పట్టకుండా, గడియారం చూసుకుని కనిపెట్టుకుని ఉండమన్నాను. మార్లట్ అనే మనస్తత్వవేత్త దీన్ని అలమీద తేలడంతో పోల్చారు: లేస్తుంది, పైకి వెళ్తుంది, విరిగిపోతుంది. "ఇది ఆగదేమో అనిపిస్తుంది మేడమ్" అన్నారు. ఫోన్లో టైమర్ పెట్టి చూస్తే మొదటిసారి 22 నిమిషాలు, నాలుగో వారానికి తొమ్మిది. శ్వాస వ్యాయామం మళ్లీ తెచ్చాను, ఈసారి పడుకునేముందు కాదు, ఈ ఇరవై నిమిషాల్లో. మూడు వారాలు పనిచేయనిది వేళ మారితే పనిచేసింది.

తొమ్మిదో వారం

జారింది ఎప్పుడో ఊహించండి. చెడ్డరోజు కాదు. వార్షిక తనిఖీ ఏ లోపమూ లేకుండా పూర్తయింది, అందరూ ఆయన్ను మెచ్చుకున్నారు, సాయంత్రం టెన్షన్ ఒకటి. ఆ రాత్రి 240 తాగారు. మా పథకమంతా చికాకు రోజుల కోసం. సంతోషం వచ్చిన రోజుకి ఏమీ రాసిపెట్టలేదు. డైరీలో సెలవుకి ముందు రాత్రుల మూడు గడులు కళ్లముందే ఉన్నా నేను దాన్ని వదిలేశాను. ఇది నా రెండో తప్పు.

మర్నాడు ఎలాగూ పోయింది కదా అని మళ్లీ తాగారు. మూడో రోజు పొద్దున ఫోన్ చేశారు. మొదటి రాత్రి సంతోషానిది, రెండోది సిగ్గుది, రెండింటినీ కలిపేయొద్దని చెప్పాను. ఒకసారి జారాక "నా వల్ల కాదు" అని మొత్తం వదిలేయడాన్ని మార్లట్, గోర్డన్ 1985లోనే వివరించారు. జారిన దానికంటే ఈ ఆలోచనే ఎక్కువ నష్టం చేస్తుంది. ఆ వారమే సైకియాట్రిస్ట్, లివర్ పరీక్షలు చూసుకుని, నాల్‌ట్రెక్సోన్ 50 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. మద్యం ఇచ్చే హాయిని ఆ మందు తగ్గిస్తుంది. ముందు వద్దన్న ఆయన ఈసారి ఒప్పుకున్నారు, మూడు నెలలు వాడారు. కాబట్టి తర్వాత వచ్చిన మార్పులో మాటల వాటా ఎంత, మందు వాటా ఎంత అని ఈ ఒక్క కేసుతో చెప్పలేను.

ఆరు నెలలకు

ఆరో నెలలో జీజీటీ 46. బీపీ మాత్రలు అవే, అంకె 134/86. నిద్ర సగటున ఆరున్నర గంటలు. ఆ ఆరు నెలల్లో, తగ్గించుకుంటూ ఆపిన పది రోజులు కాకుండా, తాగిన రోజులు మొత్తం నాలుగు. చివరిది బంధువుల వేడుకలో, కొలత 60, అది నిజంగా అరవయ్యే.

ఒత్తిడి పత్రం పీఎస్ఎస్ మాత్రం 24 నుంచి 19కే తగ్గింది. ఉద్యోగం అదే, మేనేజరు అదే, డ్రైవర్లు ఇప్పటికీ చివరి నిమిషంలో సెలవు పెడతారు. టెన్షన్ తగ్గితే తాగుడు దానంతటదే తగ్గుతుందని మొదటి రోజు ఆయన వేసిన షరతు నెరవేరలేదు. టెన్షన్ చాలావరకు ఉండగానే తాగుడు తగ్గింది, తగ్గిన ఆ ఐదు మార్కుల్లో కూడా చాలావరకు నిద్ర బాగుపడటం వల్ల వచ్చినవేనని నా అనుమానం.

పన్నెండు వారాల గడువు ముగిసినప్పుడు మళ్లీ మాట్లాడుకున్నాం. ఇంట్లో తాగడం పూర్తిగా వద్దనుకున్నారు, బయట విషయం ఇంకా తేల్చుకోలేదు. సైకియాట్రిస్ట్ ఇప్పటికీ పూర్తిగా మానడమే మంచిదంటున్నారు. నేనూ అదే చెప్పాను, ఆయన విని "చూద్దాం మేడమ్" అన్నారు.

ఇప్పుడు నా గదిలో కొలపాత్ర బల్లమీదే ఉంటుంది. మొదటి రోజే గ్లాసు తెమ్మంటున్నాను. టెన్షన్ గురించి అడిగేముందు రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తుందో అడిగి, మొదటి గ్లాసు వేళ పక్కన రాసుకుంటున్నాను. కొన్నిసార్లు లెక్క కుదరదు, ఆ మెలకువకి కారణం వేరే ఉంటుంది. అప్పుడు అది వెతకాలి.

ఆయన నెలకొకసారి వస్తున్నారు. మూడున్నరకి ఇప్పటికీ అప్పుడప్పుడూ మెలకువ వస్తుందట. గడియారం చూసి, అటు తిరిగి పడుకుంటున్నారట. పోయిన నెల డైరీ ఖాళీ గడిలో ఒకచోట ఇలా ఉంది: "కుళాయి బాగుచేయించా."